సికింద్రాబాదా, కాచిగూడా, చర్లపల్లా? హైదరాబాద్‌లో రైలెక్కే స్టేషన్ ఎంచుకోవడం ఎలా

హైదరాబాద్‌లో పెద్ద రైల్వే స్టేషన్ ఏదని అడిగితే ఎవరైనా సికింద్రాబాద్ అనే చెబుతారు. పది ప్లాట్‌ఫాంలు, నాలుగు దిక్కులకూ లైన్లు, రాత్రీ పగలూ జనం. అందుకే టికెట్ తీసేటప్పుడు చాలామంది ఇంకేమీ ఆలోచించకుండా సికింద్రాబాద్ అని కొట్టేస్తారు. ఇన్నాళ్లూ దాంతో పెద్దగా నష్టం లేదు. కానీ 2025 నుంచి పరిస్థితి మారింది. స్టేషన్‌ను కొత్తగా కడుతున్నారు, కొన్ని బండ్లను పక్క స్టేషన్లకు పంపారు, చర్లపల్లిలో కొత్త టెర్మినల్ వచ్చింది. ఇప్పుడు ఎక్కడ ఎక్కాలన్నది కాస్త ఆలోచించి తేల్చుకోవాల్సిన విషయమే.

నా లెక్కలో దీనికి రెండే ప్రశ్నలు. మీ బండి ఏ లైన్ మీద వెళుతుంది? మీరు ఏ టైముకి, ఊళ్లో ఏ మూల నుంచి బయల్దేరాలి? స్టేషన్ పెద్దదా చిన్నదా అన్నది ఆ తర్వాత సంగతి.

లైన్లు ఎటు పోతాయో ముందు తెలుసుకోండి

సికింద్రాబాద్ నుంచి తూర్పుకి పోయే లైన్ మౌలాలి, చర్లపల్లి, ఘట్‌కేసర్, భువనగిరి మీదుగా కాజీపేట చేరుతుంది. అక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకు, ఇంకొకటి రామగుండం, బల్లార్షా మీదుగా నాగపూర్, ఢిల్లీ వైపు. ఇదే లైన్ మీద బీబీనగర్ దాటాక పగిడిపల్లి దగ్గర ఇంకో దారి విడిపోయి నల్గొండ, మిర్యాలగూడ, నడికుడి మీదుగా గుంటూరు చేరుతుంది.

పడమటి లైన్ బేగంపేట, లింగంపల్లి, వికారాబాద్, తాండూరు మీదుగా కర్ణాటకలోని వాడి జంక్షన్‌కు. ముంబై, పుణె బండ్లలో ఎక్కువ భాగం ఇటే. వికారాబాద్‌లో బీదర్, పర్లి వైపు ఒక కొమ్మ విడిపోతుంది. ఉత్తరానికి మల్కాజిగిరి, బొల్లారం, మేడ్చల్, కామారెడ్డి, నిజామాబాద్, నాందేడ్, మన్మాడ్. దక్షిణానికి కాచిగూడ, ఫలక్‌నుమా, ఉందానగర్, షాద్‌నగర్, మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు, డోన్.

ఈ అమరిక వెనక ఒక పాత కథ ఉంది. తెలుసుకుంటే నిజామాబాద్, కర్నూలు బండ్లు కాచిగూడ నుంచే ఎందుకు బయల్దేరతాయో అర్థమవుతుంది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం కాలంలో 1874లో బ్రాడ్‌గేజ్ లైన్ వచ్చింది. కంటోన్మెంట్, అంటే సైన్యం ఉండే ప్రాంతం, అక్కడే కాబట్టి స్టేషనూ అక్కడే పడింది. అసలు నగరానికి దగ్గరగా నాంపల్లి స్టేషన్ 1907లో కట్టారు. మన్మాడ్ లైన్, కర్నూలు లైన్ మాత్రం మీటర్‌గేజ్, అంటే బ్రాడ్‌గేజ్ కంటే ఇరుకు పట్టాలు. ఆ రెండింటికీ పెద్ద స్టేషన్‌గా 1916లో కాచిగూడ భవనం లేచింది. మీటర్‌గేజ్ పట్టాలు ఎప్పుడో పోయాయి, అన్నీ బ్రాడ్‌గేజ్ అయ్యాయి. కానీ అలవాటు పోలేదు. నిజామాబాద్ వైపూ కర్నూలు వైపూ పోయే బండ్లకు ఇప్పటికీ కాచిగూడే సొంతిల్లు. కాచిగూడ నుంచి సీతాఫల్‌మండి, మల్కాజిగిరి మీదుగా సికింద్రాబాద్ స్టేషన్‌లోకి అడుగు పెట్టకుండానే నిజామాబాద్ లైన్ ఎక్కేయొచ్చు.

సికింద్రాబాద్: ఇప్పటికీ మొదటి ఎంపికేనా?

కొందరికి అవును. ఉప్పల్, నాగోల్, తార్నాక, అమీర్‌పేట, మాదాపూర్ వైపు వాళ్లకు బ్లూ లైన్ మెట్రో ఉంది. సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగితే రైల్వే స్టేషన్ ఎదురుగానే. గ్రీన్ లైన్‌లో వచ్చేవాళ్లు సికింద్రాబాద్ వెస్ట్‌లో దిగాలి, అక్కడి నుంచి లగేజీతో నడక కాస్త ఎక్కువే. దానికంటే పరేడ్ గ్రౌండ్‌లో లైన్ మారి ఈస్ట్‌కు రావడం నయం. జిల్లాల నుంచి జేబీఎస్‌కు బస్సులో వచ్చి రైలు పట్టుకునేవాళ్లకు కూడా ఇదే దగ్గర.

వందే భారత్ బండ్లలో విశాఖ, తిరుపతి, నాగపూర్‌వి సికింద్రాబాద్ నుంచే మొదలయ్యాయి. ఎక్కువ లైన్లకు ఎక్కువ బండ్లు దొరికేదీ ఇక్కడే. అర్ధరాత్రి దిగినా బయట టిఫిన్, టీ, ఆటో, లాడ్జి దొరుకుతాయి. ఈ ఒక్క విషయంలో మిగతా స్టేషన్లేవీ దీనికి సాటి రావు.

ఇబ్బంది అంతా నిర్మాణంతోనే. 720 కోట్ల రూపాయల పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పాత ముఖద్వారం భవనాన్ని 2025లో పడగొట్టారు. పనుల దశను బట్టి ఏ ప్లాట్‌ఫాం మూసేస్తారో, ఏ దారి తిప్పుతారో మారుతుంటుంది. ఒకటో నంబరు వైపు నుంచి వెళ్లి పదో ప్లాట్‌ఫాం చేరాలంటే పెద్దవాళ్లతో, పెట్టెలతో బాగా టైమ్ పడుతుంది. మీరు భోయిగూడ, చిలకలగూడ, ముషీరాబాద్ వైపు నుంచి ఆటోలోనో కారులోనో వస్తుంటే పదో ప్లాట్‌ఫాం వైపు గేటుకే పొమ్మనండి. డ్రైవర్లు అడక్కపోతే మామూలుగా ఒకటో నంబరు వైపే తీసుకెళతారు.

ఇంకో బాధ ఔటర్, అంటే స్టేషన్‌కు ముందు సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవడం. కాజీపేట వైపు నుంచి వచ్చే బండ్లు మౌలాలి చుట్టుపక్కల ప్లాట్‌ఫాం ఖాళీ కోసం ఆగిపోతుంటాయి. ఊరొచ్చేసిందని పెట్టెలు తీసుకుని తలుపు దగ్గర నిలబడిన జనం అలాగే నిలబడి ఉంటారు. చర్లపల్లి గురించి దిగువన చెబుతాను, దానికి ఇందుకే విలువ పెరిగింది.

నాంపల్లి

టికెట్ మీద దీని పేరు హైదరాబాద్ దక్కన్. ఊళ్లో ఎవరూ ఆ పేరు పలకరు. టికెట్‌లో హైదరాబాద్ అని చూసి సికింద్రాబాద్ వెళ్లిపోయేవాళ్లు, ముఖ్యంగా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, ఇప్పటికీ ఉన్నారు. కోడ్ చూసుకుంటే గందరగోళం ఉండదు. నాంపల్లి అయితే హెచ్‌వైబీ, సికింద్రాబాద్ అయితే ఎస్‌సీ.

నాంపల్లిలో పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. బండ్లు ఇక్కడ మొదలవ్వాలి, లేదా ఇక్కడ ముగియాలి. ప్రయాణికుడికి ఇది పెద్ద సుఖం. బండి ముందే వచ్చి నిలబడి ఉంటుంది. తాపీగా ఎక్కి, బెర్త్ కింద సామాను సర్దుకుని, నీళ్ల సీసా నింపుకోవచ్చు. గోదావరి ఎక్స్‌ప్రెస్, ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్, ముంబై వెళ్లే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ నాంపల్లి బండ్లుగానే జనానికి తెలుసు. వీటిలో కాజీపేట వైపు పోయేవి సికింద్రాబాద్‌లో కూడా ఆగుతాయి. అక్కడ ఎక్కితే ఆగి ఉండే కొద్ది నిమిషాల్లోనే మీ కోచ్ వెతుక్కోవాలి. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు, ఇల్లు రెండింటికీ సమదూరంలో ఉంటే, నేనైతే నాంపల్లికే ఓటేస్తాను.

రెడ్ లైన్ మెట్రోకు నాంపల్లి స్టేషన్ ఉంది. మియాపూర్, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వాళ్లు లైన్ మారకుండా దిగొచ్చు. ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి కూడా అదే లైన్‌లో మూడో స్టాప్. మెహదీపట్నం, టోలిచౌకి, లక్డీకాపూల్ వాళ్లకు రోడ్డు మీద దగ్గర. ఒకే లోపం, దక్షిణపు కర్నూలు లైన్‌కు ఇది అంతగా పనికిరాదు.

కాచిగూడ

బెంగళూరు, కర్నూలు, అనంతపురం, కడప వైపు పోయేవాళ్లు ముందు కాచిగూడ బండ్లు చూడాలి. యశ్వంత్‌పూర్ వందే భారత్ 2023 సెప్టెంబరులో ఇక్కడి నుంచే మొదలైంది. మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం, ధర్మవరం మీదుగా వెళుతుంది. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కూడా ఇక్కడిదే. స్టేషన్ చిన్నది, ఐదు ప్లాట్‌ఫాంలు. ఆటో దిగిన చోటి నుంచి బండి దాకా నడక తక్కువ. సికింద్రాబాద్‌లో జనాన్ని తోసుకుని వెళ్లాలంటే టెన్షన్ పడేవాళ్లకు కాచిగూడ ప్రశాంతంగా అనిపిస్తుంది. గుమ్మటాలూ మినార్లూ ఉన్న ఆ భవనం ఎదుట ఓ నిమిషం ఆగి చూడొచ్చు కూడా, లోపల చిన్న రైల్ మ్యూజియం ఉంది.

మెట్రో మాత్రం గేటు దాకా రాదు. మలక్‌పేటలో దిగి ఆటో ఎక్కాలి. ఊళ్లో తిరిగే లోకల్ రైలు ఎంఎంటీఎస్ అయితే నేరుగా కాచిగూడలోనే ఆగుతుంది, కానీ ఆ సర్వీసుల మధ్య విరామం ఎక్కువ. దాన్ని నమ్ముకుని బండి టైముకి సరిగ్గా లెక్కేసుకోవడం మంచిది కాదు. దిల్‌సుఖ్‌నగర్, అంబర్‌పేట, సంతోష్‌నగర్, పాతబస్తీ వాళ్లకు ఆటోలో కాచిగూడ అన్నిటికంటే సులువు.

నిజామాబాద్ లైన్ బండ్లకు ఇంకో మాట. అల్వాల్, బొల్లారం, కొంపల్లి వైపు ఉండి కాచిగూడ దాకా రావడం వృథా. అందులో చాలా బండ్లు మల్కాజిగిరిలోనో బొల్లారంలోనో మేడ్చల్‌లోనో ఆగుతాయి, టైంటేబుల్‌లో చూసుకోండి.

లింగంపల్లి

ఐటీ వాళ్ల స్టేషన్ అనుకోవచ్చు. గచ్చిబౌలి, కొండాపూర్, చందానగర్, పటాన్‌చెరు వాళ్లు సికింద్రాబాద్ బయల్దేరితే సాయంత్రం ట్రాఫిక్‌లో బండి కంటే ముందు ఓపిక పోతుంది. గౌతమి, నారాయణాద్రి లాంటి బండ్లు లింగంపల్లి నుంచే మొదలవుతాయి. ఇక్కడ ఎక్కినవాళ్లు సికింద్రాబాద్ వచ్చేసరికి పక్కలు పరుచుకుని ఉంటారు. ముంబై, పుణె వైపు బండ్లలో చాలావాటికి ఇక్కడ స్టాప్ ఉంది.

మియాపూర్ దాకా మెట్రోలో వచ్చి అక్కడి నుంచి ఆటో పట్టుకోవచ్చు. హైటెక్ సిటీ, హఫీజ్‌పేట, బోరబండ వాళ్లకు ఎంఎంటీఎస్ చాలా చవకైన దారి, ఈ ముక్కలో సర్వీసులు కూడా కాస్త మెరుగు. స్టేషన్ బయట రోడ్డు ఇరుకు. క్యాబ్ గేటు ముందు దాకా రాకపోతే డ్రైవర్‌తో వాదించకుండా దిగి నడిచేయడం మేలు.

చర్లపల్లి

కొత్త టెర్మినల్‌ను 2025 జనవరి 6న ప్రధాని ప్రారంభించారు. దాదాపు 413 కోట్లు ఖర్చయింది. తొమ్మిది ప్లాట్‌ఫాంలు, లిఫ్టులు, ఎస్కలేటర్లు, విశాలమైన హాలు. భవనం చూస్తే ఎయిర్‌పోర్టులా ఉందని జనం అంటారు, నిజమే. గేటు దాటి బయటికొచ్చాక సమస్య మొదలవుతుంది. మెట్రో లేదు. బస్సులు ఉన్నాయి గానీ తెల్లవారుజామున వాటి కోసం ఎదురుచూడాలి. ఆటోవాళ్లు నోటికొచ్చిన రేటు చెబుతారు.

అయినా దీన్ని తీసిపారేయడానికి లేదు. ఈసీఐఎల్, ఏఎస్ రావు నగర్, కాప్రా, నాచారం, మల్లాపూర్ వాళ్లకు ఇది ఇంటి పక్క స్టేషన్. ఉప్పల్, బోడుప్పల్ వాళ్లకూ దగ్గరే. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఘట్‌కేసర్ దగ్గర దిగి వచ్చేవాళ్లకు ఊళ్లోకి రాకుండానే పని అయిపోతుంది. మీ బండి సికింద్రాబాద్ దాకా వెళ్లేదైనా, చర్లపల్లిలో స్టాప్ ఉండి మీ ఇల్లు అటువైపే అయితే చర్లపల్లిలో దిగిపోండి. ఇందాక చెప్పిన ఔటర్ నిరీక్షణ తప్పుతుంది.

చెప్పాల్సిన ముఖ్యమైన మార్పు ఇంకొకటి. మౌలాలి నుంచి సనత్‌నగర్‌కు సికింద్రాబాద్‌ను తాకకుండా పోయే బైపాస్ లైన్ ఉంది. విశాఖ, లింగంపల్లి మధ్య తిరిగే జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌ను 2025 ఏప్రిల్ నుంచి చర్లపల్లి మీదుగా ఆ దారిలో తిప్పారు. అంటే సికింద్రాబాద్, బేగంపేటలో అది ఆగదు. ఏళ్ల తరబడి ఆ బండిని సికింద్రాబాద్‌లో ఎక్కే అలవాటున్నవాళ్లకు ఇది తలనొప్పి. లింగంపల్లి వైపు వాళ్లకు పోయిందేమీ లేదు.

నా సలహా ఇది. ఇల్లు చర్లపల్లికి ఐదారు కిలోమీటర్ల లోపు ఉంటే కళ్లు మూసుకుని ఎంచుకోండి. కూకట్‌పల్లిలోనో మెహదీపట్నంలోనో ఉండి, పొద్దున్నే నాలుగు గంటలకు దిగాల్సి వస్తే, వేరే స్టేషన్‌లో దిగే బండి దొరికితే అదే తీసుకోండి, ఛార్జీ కాస్త ఎక్కువైనా సరే. ఆటోకు పెట్టే డబ్బు లెక్కేస్తే తేడా అంతగా ఉండదు.

ఒకే ఊరికి రెండు మూడు దారులుంటే

తిరుపతినే తీసుకుందాం. పద్మావతి ఎక్స్‌ప్రెస్ వరంగల్, విజయవాడ, గూడూరు మీదుగా వెళుతుంది. నారాయణాద్రి, తిరుపతి వందే భారత్ నల్గొండ, గుంటూరు, నెల్లూరు మీదుగా. వెంకటాద్రి కాచిగూడలో బయల్దేరి కర్నూలు, కడప మీదుగా. మూడూ తిరుపతికే, కానీ మీకు ఏది సరిపోతుందన్నది ఇల్లు తేలుస్తుంది. గచ్చిబౌలిలో ఉంటే నారాయణాద్రి. మలక్‌పేటలో ఉంటే వెంకటాద్రి. మారేడ్‌పల్లిలో ఉంటే పద్మావతి. దర్శనం టికెట్ టైమ్ దగ్గరపడి పగటిపూటే వెళ్లాలంటే వందే భారత్, అయితే అందులో కూర్చునే వెళ్లాలి, పడుకోవడానికి బెర్త్ ఉండదు. నడుం నొప్పి ఉన్న అమ్మానాన్నలకు రాత్రి బండే ఎక్కువ సుఖం అని నా అభిప్రాయం.

విజయవాడకు కాజీపేట దారి సుమారు 350 కిలోమీటర్లు. గుంటూరు చుట్టి వెళ్లే నల్గొండ దారి కిలోమీటర్లలో దగ్గరే అయినా, అటు చాలాభాగం సింగిల్ లైన్. ఎదురొచ్చే బండి కోసం క్రాసింగ్‌లో ఆగాలి. ఆ మార్గం డబ్లింగ్‌కు కేంద్ర కేబినెట్ 2023 ఆగస్టులో అనుమతి ఇచ్చింది. విజయవాడే గమ్యమైతే కాజీపేట మీదుగా వెళ్లే బండి చూడండి. గుంటూరు, తెనాలి, సత్తెనపల్లి వాళ్లకు మాత్రం నల్గొండ దారే సూటి.

బెంగళూరుకు పెద్దగా ఆలోచించేదేమీ లేదు, కాచిగూడే. ముంబైకి వాడి జంక్షన్ దారి అందరికీ తెలిసిందే. ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ తిరిగి వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ చుట్టుదారి, దారిలో నాందేడ్‌లోనో ఔరంగాబాద్‌లోనో పని ఉంటేనే అది ఎక్కండి.

వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఇంకొకటి

చాలామంది రానూపోనూ ఒకే స్టేషన్ పెట్టుకుంటారు. అవసరం లేదు. రాత్రి ఎనిమిదింటికి బయల్దేరేటప్పుడు మీ శత్రువు ట్రాఫిక్. కాబట్టి మెట్రో అందే స్టేషన్ మంచిది. తెల్లవారి నాలుగున్నరకు తిరిగొచ్చేటప్పుడు రోడ్లు ఖాళీ, కానీ మెట్రో ఇంకా మొదలుకాదు. అప్పుడు ఆటోలు, క్యాబ్‌లు ఎక్కువగా దొరికే స్టేషన్ కావాలి. ఆ వేళకు సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ నయం. ఒంటరిగా దిగే ఆడపిల్లకైతే వెలుగూ జనమూ ఉన్న సికింద్రాబాదే చెబుతాను, ఇల్లు కాస్త దూరమైనా. ఆరు దాటాక దిగే బండి అయితే ఈ లెక్కలన్నీ అక్కర్లేదు, ఇంటికి దగ్గర స్టాప్ ఏదుంటే అక్కడ దిగిపోవడమే.

టికెట్ తీసేటప్పుడు

ఐఆర్‌సీటీసీలో సికింద్రాబాద్ అని వెతికితే చుట్టుపక్కల స్టేషన్ల బండ్లు కూడా జాబితాలో వస్తాయి. త్వరగా నొక్కేస్తే చర్లపల్లి బండి బుక్ అయిపోతుంది. డబ్బు కట్టే ముందు కోడ్ చదవండి: కాచిగూడ కేసీజీ, లింగంపల్లి ఎల్‌పీఐ, చర్లపల్లి సీహెచ్‌జెడ్, బేగంపేట బీఎంటీ. సికింద్రాబాద్ పనులు పూర్తయ్యేదాకా బండ్ల స్టేషన్లు మారే అవకాశం ఉంది. బుక్ చేశాక ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు చూడకుండా వదిలేయకండి. ప్రయాణం ముందు రోజు బండ్ల రాకపోకలు చూపించే రైల్వే యాప్ ఎన్‌టీఈఎస్‌లో బండి నంబరు కొట్టి, ఎక్కడ బయల్దేరుతుందో ఏ ప్లాట్‌ఫాం చూపిస్తుందో ఒకసారి చూసుకోండి.

పొరపాటున వేరే స్టేషన్ పెట్టి ఉంటే, బండి మీకు దగ్గరి స్టేషన్‌లో కూడా ఆగేదైతే, టికెట్ రద్దు చేయక్కర్లేదు. గడువు లోపల బోర్డింగ్ పాయింట్, అంటే ఎక్కే స్టేషన్, మార్చుకోవచ్చు. అయితే ఒకసారి మార్చాక మొదటి స్టేషన్‌లో ఎక్కే హక్కు పోతుంది. నాంపల్లిలో ఎక్కాల్సినవాళ్లు బోర్డింగ్ సికింద్రాబాద్‌కు మార్చుకుని, మళ్లీ మనసు మారి నాంపల్లిలోనే ఎక్కి కూర్చుంటే టీటీఈ ఒప్పుకోవాలని లేదు. మార్చకుండా నాంపల్లి టికెట్‌తో సికింద్రాబాద్‌లో ఎక్కితే సర్దుకుపోయే టీటీఈలూ ఉంటారు, మీరు రాలేదనుకుని బెర్త్ వేరొకరికి ఇచ్చేసేవాళ్లూ ఉంటారు. ఫోన్‌లో రెండు నిమిషాల పని, మార్చేసుకోండి.